లోక్‌సభలో వేప్ గొడవ తరువాత: సిగరెట్ మానడానికి వేప్ పట్టినవాళ్లం ప్రభుత్వాన్ని ఏమి అడగాలి?

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

2025 డిసెంబరులో లోక్‌సభ ప్రశ్నోత్తరాల సమయంలో బీజేపీ సభ్యుడు అనురాగ్ ఠాకూర్ లేచి, తృణమూల్ కాంగ్రెస్ సభ్యుడొకరు సభలో కూర్చునే ఈ-సిగరెట్ (అంటే వేప్, నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే పరికరం) తాగుతున్నారని ఆరోపించారు. అలాంటి అనుమతి ఎవరికీ లేదని స్పీకర్ ఓం బిర్లా అన్నారు. ఆ తరువాత రెండు పక్షాలవారూ ఒకరినొకరు ఎలా దుయ్యబట్టుకున్నారో అందరం చూశాం. నిషేధించిన వస్తువును చట్టసభలోకి తెచ్చారా లేదా అన్నది తేల్చవలసిన విషయమే. అయితే ఆ వాదోపవాదాల్లో నేను ఎంతగానో ఎదురుచూసిన ప్రశ్న ఒకటి వినిపించలేదు. 2019లో వేప్‌ల మీద తెచ్చిన నిషేధం సిగరెట్ తాగేవాళ్లకు ఏమి మేలు చేసింది?

నేను కాలేజీ రోజుల నుంచి సిగరెట్ తాగినవాణ్ని. ఎన్నో విధాలుగా మానడానికి ప్రయత్నించి, చివరికి వేప్ సాయంతో సిగరెట్‌ను పూర్తిగా వదిలిపెట్టాను. తరువాత చట్టం వచ్చింది. ఇప్పుడు జగదాంబ కూడలి నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ వరకు నడిస్తే, దారిలోని ప్రతి కిళ్ళీ కొట్టులోనూ విడి సిగరెట్ దొరుకుతుంది, ముట్టించుకోవడానికి లైటర్ కూడా తాడుకు వేలాడుతూ ఉంటుంది. నన్ను ఆ సిగరెట్ నుంచి బయటికి లాగిన వస్తువును మాత్రం అమ్మినవాడు జైలుకు వెళ్తాడు. ఈ తేడాను ఏ పార్టీ నాయకుడూ నాకు వివరించలేదు. ఇక్కడ మనలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. కోపం చూపించి ఊరుకోకుండా, ప్రభుత్వం ముందు ఏమి కోరిక పెట్టాలో ఆలోచించాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. వేప్ వాడనివాళ్లు, నిషేధాన్ని సమర్థించేవాళ్లు కూడా దయచేసి మాట్లాడండి.

న్యాయవిద్యార్థి (పెదవాల్తేరు)

ముందుగా చట్టం ఏమి చెబుతున్నదో స్పష్టంగా పెట్టుకుంటే చర్చ దారి తప్పదు. 2019 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం ఆర్డినెన్సుకు ఆమోదం తెలిపింది. నవంబరు 27న లోక్‌సభ, డిసెంబరు 2న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి, డిసెంబరు 5న రాష్ట్రపతి సంతకంతో అది చట్టమైంది. ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నాలుగో సెక్షన్ కింద నేరాలే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మళ్లీ పట్టుబడితే శిక్ష మూడేళ్ల వరకు, జరిమానా ఐదు లక్షల వరకు పెరుగుతుంది. నిల్వకు ఉపయోగించే స్థలంపై అదుపు ఉన్నవాళ్లకు ఐదో సెక్షన్ వర్తిస్తుంది. దానికి ఆరు నెలల వరకు జైలు, లేదా యాభై వేల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి పోలీసు అధికారి నుంచి పైవారికి సోదా చేసే అధికారం ఉంది.

వాడకాన్ని నేరంగా ప్రకటించే సెక్షన్ అంటూ ఈ చట్టంలో ప్రత్యేకంగా లేదు. అంత మాత్రాన వాడేవాడు నిశ్చింతగా ఉండగలడని అనుకోకండి. ఆ పరికరం అతని చేతికి రావాలంటే దిగుమతో, రవాణానో, అమ్మకమో ఎక్కడో ఒకచోట జరిగి తీరాలి. ఆ మూడూ నేరాలే గనుక, వాడేవాడు ఎప్పుడూ నేరం చేసినవాడి దయ మీద బతకవలసి వస్తుంది. సింగపూర్ చట్టం వాడకాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని కూడా నేరుగా శిక్షిస్తుంది. మన చట్టం అంత దూరం వెళ్లలేదు. అయినా సందిగ్ధం మిగిల్చింది, రహదారి మీద తనిఖీలో ఆపినప్పుడు ఆ సందిగ్ధం వాడేవాడికే భయమవుతుంది.

గాజువాక కార్మికుడు

సాగరతీరం గారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ మాట కూడా వినాలి. మా దగ్గర కాంట్రాక్టు పనులు చేసే కుర్రవాళ్లలో ఎక్కువమంది తాగేది బీడీ, నమిలేది ఖైనీ. వేప్ అనే వస్తువు వాళ్ల చేతికి ఎన్నడూ రాలేదు, వచ్చినా కొనగలిగే ధరలో ఉండదు. 2016–17లో జరిపిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది, అంటే సుమారు 26.7 కోట్ల మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అందులోనూ నమిలే పొగాకు వాడేవాళ్లే ఎక్కువ. ఆ సర్వేలోనే ఈ-సిగరెట్ వాడుతున్నట్టు చెప్పినవాళ్లు 0.02 శాతం.

అంత చిన్న అలవాటు మీద ఆర్డినెన్సు తేవడానికి చూపించిన తొందర, ఈ 26.7 కోట్ల మంది విషయంలో ఎందుకు చూపించలేదని నేను అడుగుతాను. మీరూ అదే అడగండి. మీ వేప్ కోసం మాత్రమే అడిగితే అది చదువుకున్న కొద్దిమంది కోరికగా మిగిలిపోతుంది.

గుట్కా సంగతి కూడా మరువకండి. మన రాష్ట్రంలో గుట్కా నిషేధం ఉంది. తయారీదార్లు ఏమి చేశారు? పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకొక పొట్లంలో పెట్టి పక్కపక్కనే అమ్మారు, కొన్నవాడు అరచేతిలో రెండూ కలుపుకున్నాడు. నిషేధం కాగితం మీద నిలబడింది, దవడ క్యాన్సర్ మనుషుల్లో నిలబడింది.

మధురవాడ తల్లి

నేను వేప్ వాడను, మా ఇంట్లో ఎవరూ వాడరు. ఈ చర్చ చదివాక మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను. నా కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడి స్నేహితుల మధ్య ఈ పరికరాలు తిరుగుతున్నాయని వాడే చెప్పాడు. అవి పెన్‌డ్రైవ్‌లాగానో, రంగుల పెన్నులాగానో ఉంటాయి. మామిడి, పుచ్చకాయ వాసనలు వస్తాయి. బట్టలకు పొగ కంపు ఉండదు కాబట్టి ఇంట్లో తెలియదు. సిగరెట్ తాగితే తల్లికి తెలిసిపోతుందన్న భయమైనా పిల్లవాడికి ఉంటుంది, దీనికి ఆ భయం కూడా లేదు.

అమెరికాలో ఏమి జరిగిందో చదవండి. అక్కడి ప్రభుత్వ సర్వేలో హైస్కూలు విద్యార్థుల్లో గత నెల రోజుల్లో వేప్ తాగినవాళ్లు 2018లో 20.8 శాతం, 2019లో 27.5 శాతం. అంటే ప్రతి నలుగురిలో ఒకరికి మించి. అప్పటికే సిగరెట్లు అమ్మే ఆల్ట్రియా కంపెనీ, జూల్ అనే వేప్ కంపెనీలో 35 శాతం వాటాను 1,280 కోట్ల డాలర్లకు కొన్నది. సిగరెట్ మాన్పించడమే ఆ వస్తువు పని అయితే, సిగరెట్ కంపెనీ దానికి అంత డబ్బు ఎందుకు పెడుతుంది? మన ప్రభుత్వం ఆ పరిస్థితి ఇక్కడికి రాకముందే తలుపు మూసింది. పెద్దవాళ్లకు కొంత ఇబ్బంది కలిగినా, పిల్లల కోసం ఆ మాత్రం భరించవలసిందేనని నా అభిప్రాయం.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

అమ్మా, మీరు మాట్లాడినందుకు కృతజ్ఞతలు. మీ భయం నిజమైనది, దానికి జవాబు చెప్పకుండా మేము ఏమి అడిగినా అది న్యాయంగా ఉండదు. ఒక్క విషయం మాత్రం ఆలోచించమని కోరుతున్నాను. మీ అబ్బాయి స్నేహితుల చేతికి ఆ పరికరాలు చేరినది నిషేధం అమలులో ఉన్న కాలంలోనే. అమ్మేవాడికి లైసెన్సు లేదు కాబట్టి, అది పోతుందన్న భయం లేదు. కొనేవాడి వయసు అడగవలసిన అవసరం కూడా అతనికి లేదు. తలుపు మూశారు, నిజమే. కిటికీ తెరిచే ఉంది, దాని దగ్గర కాపలా లేదు.

దంతవైద్యురాలు (మహారాణిపేట)

వృత్తిరీత్యా నోటి క్యాన్సర్‌ను, దానికి ముందు వచ్చే తెల్లమచ్చలను చూసేదాన్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఓపికగా చదవండి.

శ్రీకాకుళం నుంచి మన విశాఖ వరకు తీరగ్రామాల్లో అడ్డపొగ అలవాటు గురించి ఇక్కడివారికి తెలియనిది కాదు. చుట్టను నిప్పు ఉన్న కొస లోపలికి వచ్చేలా నోట్లో పెట్టుకుని తాగుతారు. తాగేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. సాధారణంగా క్యాన్సర్ అరుదుగా వచ్చే అంగిలి భాగంలో వీళ్లకు పుండ్లు, ఆపై క్యాన్సర్ వస్తాయి. ఆంధ్ర గ్రామాల్లో 10,169 మందిని పరీక్షించి అంగిలి మీది మచ్చల గురించి రాసిన పరిశోధన పత్రం 1971లోనే బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వెలువడింది. అంటే మన తీరపు ఆడవాళ్ల నోళ్లను ప్రపంచం అర్ధశతాబ్దం కిందటే చూసింది. వాళ్ల చేత చుట్ట మాన్పించడానికి ఒక్క ఆర్డినెన్సూ రాలేదు. ఇది చెప్పేటప్పుడు నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ నోళ్లు నేను చూస్తూనే ఉన్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. పొగాకు తాగేవాళ్లలో క్యాన్సర్‌కు ముఖ్యకారణం ఆకు కాలినప్పుడు పుట్టే పొగలోని రసాయనాలు. నికోటిన్ అలవాటును కట్టిపడేస్తుంది, గుండెవేగాన్ని, రక్తపోటును పెంచుతుంది, ఎదిగే మెదడుకూ గర్భిణులకూ మంచిది కాదు. కానీ క్యాన్సర్ భారంలో పెద్దవాటా దానిది కాదు. వేప్‌లో ఆకు కాలదు. ఈ కారణంగానే ఇంగ్లాండ్ ప్రజారోగ్య సంస్థ 2015లో, సిగరెట్‌తో పోలిస్తే వేప్ హాని సుమారు 95 శాతం తక్కువని అంచనా వేసింది. ఆ అంకె మీద అప్పుడే వైద్య పత్రికల్లో విమర్శలు వచ్చాయి. దీర్ఘకాలపు ఆధారాలు లేకుండా అంత కచ్చితంగా చెప్పకూడదని విమర్శకులు అన్నారు. ఆ విమర్శ నాకూ సబబుగానే తోస్తుంది. హాని తక్కువ అన్నంతవరకు ఒప్పుకుంటాను, హాని లేదు అంటే మాత్రం ఒప్పుకోను.

మానడానికి ఇది సాయపడుతుందా అన్న ప్రశ్నకు మంచి ఆధారమే ఉంది. 2019లో బ్రిటన్‌లో 886 మందిపై జరిగిన ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది తరువాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవాళ్లు వేప్ ఇచ్చిన వర్గంలో 18 శాతం, నమిలే నికోటిన్ గమ్, చర్మానికి అంటించే ప్యాచ్ వంటివి ఇచ్చిన వర్గంలో 9.9 శాతం. వేప్ సమర్థకులు ఇక్కడితో ఆగిపోతారు. అదే పత్రంలో ఇంకొక సంగతి ఉంది. అలా సిగరెట్ మానినవాళ్లలో వేప్ వర్గంలో 80 శాతం మంది ఏడాది తరువాత కూడా వేప్ వాడుతూనే ఉన్నారు, రెండో వర్గంలో గమ్, ప్యాచ్‌లు వాడుతూ ఉన్నది 9 శాతం మాత్రమే. సిగరెట్ పోయింది, నికోటిన్ ఉండిపోయింది. దీన్ని విజయమనాలా, సగం విజయమనాలా అన్నది ఆ మనిషి వయసు, ఆరోగ్యం చూసి చెప్పవలసిన మాట. చాలా కాలం రోజుకు పెట్టె తాగిన యాభై ఏళ్ల మనిషి విషయంలో నేను దాన్ని విజయమనే అంటాను. పదిహేడేళ్ల కుర్రవాడి విషయంలో ఆ ప్రశ్నే రాకూడదు.

సాగరతీరం గారూ, మీకు కూడా ఒక మాట. ఇప్పుడు ఈ ఊళ్లో దొంగచాటుగా దొరికే, ఒకసారి వాడి పారేసే డిస్పోజబుల్ పరికరాలను ఎవరూ పరీక్షించలేదు. ఐరోపా సమాఖ్యలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడికి వచ్చేవాటి మీద 5 శాతం అని రాసి ఉంటుంది, అంటే సుమారు 50 మిల్లీగ్రాములు. రాసినదే లోపల ఉందన్న హామీ కూడా లేదు. 2019–20లో అమెరికాలో 2,807 మంది ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రుల పాలై 68 మంది మరణించినప్పుడు, దర్యాప్తులో ప్రధానంగా తేలినది చట్టబద్ధమైన నికోటిన్ వేప్‌లు కాదు. దొంగబజారులో దొరికిన గంజాయి ద్రవంలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్. దొంగబజారు సరుకు మీద ఆధారపడటమే మీకు ఇప్పుడున్న అతిపెద్ద ప్రమాదం.

గాజువాక కార్మికుడు

డాక్టరమ్మ గారు రాసినది అచ్చువేసి మా యూనియన్ ఆఫీసులో అంటించవచ్చా?

దంతవైద్యురాలు (మహారాణిపేట)

తప్పకుండా అంటించండి. దానితోపాటు పొగాకు మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ ఉచిత సహాయవాణి 1800-11-2356 ఉందని కూడా పెద్ద అక్షరాలతో రాయండి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. ఖైనీ వాడేవాళ్లకు కూడా సలహా, మందులు ఉన్నాయి.

పర్యవేక్షకుడు

ఎక్కడ దొరుకుతుంది, ఎవరిని అడగాలి అంటూ వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాను. ఈ వేదికలో కొనుగోలు సమాచారం పెట్టకూడదు. చర్చ విధానం గురించే సాగాలి.

పెందుర్తి పాఠకుడు

అమెరికాలో వేప్ వాడేవాళ్లు రాజకీయంగా ఎలా స్పందించారో చాలాకాలంగా గమనిస్తున్నాను. అందులో మనం నేర్చుకోవలసినదీ ఉంది, దూరంగా ఉండవలసినదీ ఉంది. 2019 సెప్టెంబరులో అప్పటి అధ్యక్షుడు ట్రంప్ రుచులు కలిపిన వేప్‌లను తొలగిస్తామని ప్రకటించగానే, "మేము వేప్ తాగుతాం, మేము ఓటు వేస్తాం" అనే నినాదంతో వాడకందార్లు, దుకాణదార్లు వాషింగ్టన్ వీధుల్లోకి వచ్చారు. అప్పటికి అక్కడ ఎన్నికల ఏడాది దగ్గరపడుతోంది. 2020 జనవరిలో వచ్చిన తుది విధానంలో ప్రభుత్వం మెత్తబడింది. ద్రవం నింపిన గొట్టాన్ని మార్చుకునే కార్ట్రిడ్జ్ తరహా పరికరాల్లో పొగాకు, మెంథాల్ తప్ప మిగతా రుచులను తొలగించమన్నది, ఒకసారి వాడి పారేసే డిస్పోజబుళ్లను మాత్రం ఆ విధానం నుంచి మినహాయించింది. ఫలితంగా పిల్లలు ఆ డిస్పోజబుళ్ల వైపు మళ్లారు.

అంటే వాడకందార్ల గొంతుకు బలం ఉందని ఆ ఉద్యమం రుజువు చేసింది. అదే సమయంలో, నినాదం ఓట్ల బేరంగా మారినప్పుడు వచ్చే నిర్ణయం ఆరోగ్యాన్ని బట్టి కాక, ఎవరు ఎక్కువ అరిచారో చూసి వస్తుందని కూడా చూపించింది. 2024లో ట్రంప్ మళ్లీ ప్రచారంలో వేపింగ్‌ను కాపాడతానని మాట ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు, రుచుల వేప్‌లకు అనుమతి నిరాకరించిన ఔషధ నియంత్రణ సంస్థ వైపే ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ఈ మధ్యలో విద్యార్థుల వాడకం తగ్గింది. 2024 సర్వేలో మిడిల్ స్కూలు, హైస్కూలు కలిపి 5.9 శాతం మంది మాత్రమే వాడుతున్నట్టు చెప్పారు. మధురవాడ తల్లి గారు చెప్పిన 27.5 శాతం హైస్కూలు లెక్క కాబట్టి రెండింటినీ నేరుగా పోల్చకూడదు గానీ, తగ్గిన మాట వాస్తవం. పూర్తి నిషేధం లేకుండానే తగ్గింది. 21 ఏళ్లలోపు వారికి అమ్మకూడదన్న చట్టం 2019 డిసెంబరులో వచ్చింది, వస్తువు వస్తువుకూ విడిగా అనుమతి కావాలన్న నియమం అమలైంది, నియమం మీరి అమ్మేవాళ్ల దుకాణాల మీద అధికారుల దాడులు జరిగాయి.

మెల్‌బోర్న్‌లో విశాఖవాసి

నేను పుట్టి పెరిగింది విశాఖలో, ఇప్పుడు ఉంటున్నది ఆస్ట్రేలియాలో. మీలో కొందరు డాక్టరు చీటీతో వేప్ ఇవ్వాలని అడగబోతున్నారనిపిస్తోంది కాబట్టి, ఆ దారిలో నడిచిన దేశం అనుభవం చెబుతాను. ఇక్కడ 2021 అక్టోబరు నుంచి నికోటిన్ వేప్‌కు డాక్టరు చీటీ తప్పనిసరి చేశారు. 2024 జనవరి 1 నుంచి డిస్పోజబుళ్ల దిగుమతి ఆపారు. 2024 జూలై 1 నుంచి ఏ వేప్ అయినా ఫార్మసీలోనే అమ్మాలన్నారు. అక్టోబరు 1 నుంచి పెద్దవాళ్లు తక్కువ నికోటిన్ ఉన్నవాటిని ఫార్మసిస్టుతో మాట్లాడి చీటీ లేకుండా కొనవచ్చన్నారు. కాగితం మీద చూస్తే ఇంతకంటే సమతూకమైన విధానం ఉండదు.

అమలులో మాత్రం చీటీ లేకుండా అమ్మడాన్ని ఫార్మసీల సంఘం వ్యతిరేకించింది, చాలా ఫార్మసీలు ఆ సరుకు పెట్టడానికే ఇష్టపడలేదు. మరోవైపు సిగరెట్ల మీద పన్ను ప్రపంచంలోనే అత్యధిక స్థాయికి చేరింది. దాంతో అక్రమ సిగరెట్లు, అక్రమ వేప్‌లు కలిపి అమ్మే దుకాణాలు వీధివీధినా వెలిశాయి. ఆ వ్యాపారం కోసం ముఠాలు కొట్టుకుని, మెల్‌బోర్న్‌లో పొగాకు దుకాణాలకు వరుసగా నిప్పు పెట్టాయి. రాత్రిపూట అలా కాలిన దుకాణాలను తెల్లవారి పనికి వెళ్తూ చూశాను. కాబట్టి మీరు ఏమి అడిగినా, దాన్ని ఇచ్చే మనిషి ఎవరు, అతను ఎందుకు ఇస్తాడు అన్నది ముందే ఆలోచించుకోండి. చట్టంలో దారి తెరిచి, ఆ దారిలో కౌంటర్ వెనుక ఎవరూ నిలబడకపోతే మళ్లీ దొంగబజారుకే వెళ్తారు.

బ్రిటన్ పని వేరుగా ఉంది. 2023లో పది లక్షల మంది సిగరెట్ తాగేవాళ్లకు ఉచితంగా వేప్ కిట్ ఇచ్చి మార్పిస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. అదే దేశం 2025 జూన్ 1 నుంచి డిస్పోజబుళ్లను నిషేధించింది. పెద్దవాళ్లకు చేయి అందించడం, పిల్లలకు దొరికేదాన్ని ఆపడం ఒకే ప్రభుత్వం చేయగలదనడానికి అది ఉదాహరణ.

గాజువాక కార్మికుడు

ఇంకొక సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. మన దేశంలో అతిపెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో ఎల్‌ఐసీ వంటి ప్రభుత్వరంగ సంస్థలకు పెద్ద వాటా ఉంది. మన రాష్ట్రంలో ప్రకాశం, నెల్లూరు, గోదావరి జిల్లాల రైతులు పొగాకు మీద బతుకుతున్నారు. పొగాకు బోర్డు కార్యాలయం ఉన్నదే గుంటూరులో. సిగరెట్‌పై వచ్చే పన్ను ఖజానాకు అవసరం. ఇవన్నీ ఉన్నచోట సిగరెట్‌ను ముట్టుకోవడానికి ఏ ప్రభుత్వమైనా వెనుకాడుతుంది. వేప్ వెనుక మన రైతు లేడు, మన కార్మికుడు లేడు, అందుకే దాన్ని నిషేధించడం తేలికైంది. 2019లో పార్లమెంటులో కూడా సిగరెట్లను ఎందుకు వదిలేశారని కొందరు సభ్యులు అడిగారు. రైతు పొట్టకొట్టమని నేను అనను. కానీ కారణం ఇదని ప్రభుత్వం బయటికి చెప్పాలి. మాకు చెప్పిన కారణం ఆరోగ్యం ఒక్కటే.

మధురవాడ తల్లి

ఇంత చదివాక కూడా నా మనసు పూర్తిగా మారలేదు, ఆ మాట దాచుకోను. వేప్‌ను మళ్లీ కిళ్ళీ కొట్టుకు తెస్తామంటే నేను వ్యతిరేకిస్తాను, అలా అడిగే పత్రం మీద నా సంతకం ఉండదు. కానీ డాక్టరు గారు చెప్పిన యాభై ఏళ్ల మనిషి నా కళ్ల ముందు కదులుతున్నాడు, ఎందుకంటే అలాంటి మనిషి మా ఇంట్లో ఉండేవాడు, మా నాన్నగారు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. ఆయనకు ఎవరైనా ఆసుపత్రిలో కూర్చోబెట్టి గమ్ ఇచ్చినా, మరొకటి ఇచ్చినా నేను అడ్డు చెప్పేదాన్ని కాదు.

కాబట్టి నా షరతు ఇది. రుచులు ఉండకూడదు. డిస్పోజబుళ్లు ఉండకూడదు. ఫోన్‌లో సందేశం పెడితే ఇంటికి తెచ్చి ఇచ్చేవాళ్ల మీద ఇప్పుడున్న చట్టాన్నే గట్టిగా అమలు చేయాలని మీరే, వేప్ వాడేవాళ్లే, ముందుగా అడగాలి. అది మీ నోటి నుంచి వస్తే మీ మిగతా మాటలను నేను నమ్ముతాను.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

అమ్మా, మీ షరతును మొత్తంగా ఒప్పుకుంటున్నాను. రుచులు లేకపోతే నాకు నష్టం లేదు, పొగాకు రుచి చాలు. పిల్లలకు అమ్మేవాణ్ని పట్టించడంలో నాకు ఏ మొహమాటమూ లేదు. అలాంటివాళ్ల వల్లే మా మాట ఎవరూ వినడం లేదు.

ఇప్పటివరకు అందరూ చెప్పినదాన్నిబట్టి, మన వినతి వేప్ కోసం కాకుండా సిగరెట్, బీడీ, ఖైనీ మానాలనుకునేవాళ్ల కోసం ఉండాలని నాకు అనిపిస్తోంది. 2019 మేలో భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చిన శ్వేతపత్రం పూర్తి నిషేధాన్ని సిఫారసు చేసింది. ఆ తరువాత వచ్చిన ఆధారాలను కూడా కలిపి మళ్లీ సమీక్షించమని అడుగుదాం. ఆ సమీక్ష మాకు వ్యతిరేకంగా తేలినా ఒప్పుకుంటామని అందులోనే రాద్దాం. మిగతా చికిత్సలన్నీ విఫలమైన పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రి పర్యవేక్షణలో, పరీక్షించిన పరికరం ఇచ్చి చూసే ప్రయోగాన్ని కొన్నిచోట్ల జరపమని అడుగుదాం. మెల్‌బోర్న్ మిత్రుడు హెచ్చరించినట్టు, ప్రైవేటు ఫార్మసీకి వదలకుండా ఆసుపత్రే ఇవ్వాలని కోరుదాం. వాడేవాణ్ని నేరస్థుడిగా చూడబోమని ఒక స్పష్టమైన వివరణ కావాలి. నికోటిన్ గమ్ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితంగా ఇవ్వాలని గాజువాక సోదరుడి తరఫున చేర్చుదాం. అన్నిటికంటే ముందు మధురవాడ తల్లి గారి షరతు ఉండాలి.

దంతవైద్యురాలు (మహారాణిపేట)

ప్రయోగం గురించిన వాక్యాన్ని నేను రాసి ఇస్తాను. అందులో పాల్గొనేవాళ్లు సిగరెట్ మానారా అన్నదే కాకుండా, ఎంతకాలానికి వేప్ కూడా మానారన్నది కూడా లెక్కించాలని పెడతాను. ఆ రెండో లెక్క లేకపోతే నా పేరు వద్దు. అడ్డపొగ తాగే ఆడవాళ్లకు నోటి పరీక్ష శిబిరాలు కావాలని కూడా చేర్చండి. వినతి పంపేది ఈ తీరం నుంచి కాబట్టి, వాళ్లను వదిలేస్తే నాకు నిద్ర పట్టదు.

పెందుర్తి పాఠకుడు

నాది ఒక్క సూచన. సంతకం చేసేవాళ్లలో పొగాకు కంపెనీతోనైనా, వేప్ వ్యాపారంతోనైనా డబ్బు సంబంధం ఉన్నవాళ్లు ఉండకూడదు, ఆ సంగతి పత్రంలోనే ప్రకటించాలి. అమెరికాలో నిజమైన వాడకందార్ల మాట కూడా కంపెనీల మాటగా కొట్టివేయబడటానికి ఈ అనుమానమే ప్రధాన కారణం.

న్యాయవిద్యార్థి (పెదవాల్తేరు)

పంపే దారి గురించి చెబుతాను. ఆరోగ్య మంత్రిత్వ శాఖకు ఉత్తరం రాయడం ఒక పద్ధతి, కానీ జవాబు ఇచ్చి తీరాలన్న బాధ్యత దానితో రాదు. పార్లమెంటు రెండు సభలకూ పిటిషన్ల కమిటీలు ఉన్నాయి. ప్రజాప్రయోజనం ఉన్న విషయం మీద పౌరుడు పిటిషన్ ఇవ్వవచ్చు, కోర్టు విచారణలో ఉన్న విషయమై ఉండకూడదు. రాజ్యసభ నియమాల ప్రకారం పిటిషన్‌ను తెలుగులో రాయవచ్చు గానీ, దానికి హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేసి, పిటిషనరు దానిపై కూడా సంతకం పెట్టాలి. సభ్యుడి ద్వారా సభ ముందు పెట్టించాలంటే ఆ సభ్యుడి ప్రతిసంతకం కావాలి. ఏ పార్టీ సభ్యుడైనా సరే, గొడవలో ఏ పక్షం వహించినా సరే, ముందుగా మన రాష్ట్రం నుంచి ఉన్నవాళ్లనే కలుద్దాం.

తెలుగు ప్రతి మొదటి ముసాయిదా ఈ ఆదివారం నాటికి నేను సిద్ధం చేస్తాను. డాక్టరు గారు ప్రయోగం వాక్యాన్ని, గాజువాక సోదరుడు ఖైనీ, బీడీల భాగాన్ని శనివారంలోగా ఇక్కడే పెట్టండి. మధురవాడ తల్లి గారి షరతును ఆమె మాటల్లోనే మొదటి పేరాలో ఉంచుతాను.

మధురవాడ తల్లి

అలా ఉంచితే సంతకం చేస్తాను. ముసాయిదా పెట్టాక చదివి, మార్పులు ఉంటే చెబుతాను.